సున్నా టికెట్

తాండూరు
17 డిసెంబర్ 2023

చెల్లె దేవికకు,

ఫోన్‌లో నేను "ఊ" అంటే అది నా మాటనో, లైన్ కట్టయిన చప్పుడో తెలుస్తలేదన్నవు. ఉత్తరమైతే మధ్యల నువ్వు మాట్లాడవు కాబట్టి నాకు మాటలు వస్తయన్నవు. సరే, రాస్తున్న. పోస్టాఫీసుల కవర్లు అడిగితే క్లర్కు కండ్లద్దాలు తీసి నన్ను చూసిండు.

ఇక్కడ అంతా బాగే. నాపరాయి పాలిషింగ్ యూనిట్‌ల నా పని ఎప్పటిదే. బండలు ఎన్ని పోయినయి, కూలి ఎంత ఇచ్చినం, డీజిల్ ఎంత పోసినం. సాయంత్రం సేట్ వచ్చి సంతకం పెడతడు.

కొత్త సర్కారు వచ్చింది, ఆడోళ్లకు బస్సు ఫ్రీ చేసింది, ఇప్పుడన్నా నమ్ముతవా అని అడిగినవు. వారానికే నమ్మకం రాదు. పెద్దేముల్ నుంచి మా దగ్గరికి పనికి వచ్చే ఆడోళ్లు షేర్ ఆటోలు ఇడిసిపెట్టి బస్సుల వస్తున్నరు. నవ్వుకుంట దిగుతున్నరు. అది కండ్లతో చూసిన.

కాని దాని వెనుక ఒక లెక్క ఉంటది. కండక్టరు వాళ్లకు సున్నా రూపాయల టికెట్ కొడతడు. ఒక్కొక్క సున్నా టికెట్ ఒక్కొక్క నష్టం. నష్టం కుప్పపడితే ఏ దుకాణమైనా షట్టరు దించుతది, సర్కారు దుకాణమైనా అంతే. టికెట్లు ఎంత తక్కువ తెగితే ఈ సౌలతు అంత ఎక్కువ కాలం ఉంటది. నాకు తోచింది ఇది.

ఇంకా చాలా మాటలు ఇచ్చిన్రు. ఆడోళ్ల ఖాతాల నెలనెలా పైసలు వేస్తమన్నరు. గ్యాస్ అగ్గువ, కరెంటు బిల్లు మాఫీ, బ్యాంకు అప్పు మాఫీ అన్నరు. చూద్దాం.

వర్షిత నర్సింగుల చేరుతున్నదని విన్న. మంచిది.

హన్మయ్య


బూర్గుచెల్క, మోమిన్‌పేట్ మండలం
20 జనవరి 2024

అన్నకు దండాలు.

నీ ఉత్తరం ముట్టింది. మేనకోడలి బతుకు గురించి "విన్న, మంచిది" అని రెండు మాటలు, నాపరాయి గురించి మూడు వరుసలు. వర్షిత చదివి, "అమ్మా, మామకు నాకంటె బండలే దగ్గర" అన్నది. కోపంతోని కాదు, నవ్వుకుంటనే అన్నది.

మీ బావ గొర్ల మంద ఎంబడి పోయిండు. కర్ణాటక దిక్కు మేత బాగున్నదట. ఎండలు ముదిరినంక గని రాడు. అందుకని గీ పరేషాన్ అంతా నేనొక్కదాన్నే చూసుకుంటున్న.

పరేషాన్ ఏందంటే, వర్షితకు వికారాబాద్‌ల సీటు వచ్చింది. క్లాసు పొద్దున ఎనిమిదింటికి. మా ఊరికి మొదటి బస్సు పదింటికి. అంటే ఆటోల మోమిన్‌పేట్ పోవాలె, అక్కడ ఇంకో ఆటో ఎక్కాలె. రోజూ అంత కిరాయి మాతోని కాదు. బస్సు ఫ్రీ అయింది గని మాకు టైముకు బస్సే లేదు. ఏం ఫాయిదా?

అందుకని మా పొదుపు సంఘం ఆడోళ్లమంత కలిసి వికారాబాద్ డిపోకు పోయినం. రుక్కమ్మ ముందల నడిచింది. ఆమె మా సంఘం లీడరు, నీకు యాదికి ఉండాలె, నా పెండ్లిల నీతోని మాట్లాడిద్దామని చూసి అలిసిపోయిన మనిషి. పొద్దటి బస్సు కావాలని కాయితం ఇచ్చినం. అక్కడి సారు ఓపికతోనే విన్నడు. "ఆరు నెలలు నడిపి చూస్తం. ఎక్కేటోళ్లుంటే ఉంచుతం, లేకుంటే తీసేస్తం" అన్నడు.

నీ ఉత్తరంల బస్సు ముచ్చట నేను మీటింగుల చదివిన. రుక్కమ్మ రెండుసార్లు చదివిపిచ్చుకున్నది. "హన్మయ్య చెప్పింది నిజమే, మనం జర చూసుకొని నడవాలె, లేకుంటే ఉన్నది కూడా గుంజుకుంటరు" అన్నది. మొగులమ్మ అయితే, "గన్నేండ్లు మాట్లాడకుంట దాచిపెట్టిండు, ఇప్పుడు వడ్డీతోని ఇస్తున్నడు" అన్నది. అందరు ఒక్కటే నవ్వుడు.

నీ చెల్లె
దేవిక


తాండూరు
4 ఫిబ్రవరి 2024

దేవికకు,

బస్సు వచ్చేదాక వర్షితను హాస్టల్‌ల పెట్టు. నేను కడత. ఆరు నెలలు అన్నది సర్కారోళ్లు చెప్పే మాట, దాని మీద పిల్ల చదువు పెట్టరాదు.

మొగులమ్మకు చెప్పు, వడ్డీ ఇంకా మిగిలే ఉన్నది.

హన్మయ్య


బూర్గుచెల్క
28 మార్చి 2024

అన్నకు దండాలు.

బస్సు వచ్చింది.

హాస్టల్ సంగతి వర్షితకు చెప్పిన. "బస్సుంటే పోత, లేకుంటే ఇంట్ల ఉంట. మామ పైసలతోని చదివి, రేపు మామ నా ముందర ఊ అని కూసుంటే ఆ ఊకు అర్థం ఏందో నేను ఎట్ల చెప్పుకోవాలె" అన్నది. నీ మేనకోడలే. మొండితనం మన దిక్కు నుంచే వచ్చింది.

మొదటి రోజు చీకటితోనే అందరం రోడ్డు మీదికి వచ్చినం. పనున్నోళ్లు వచ్చిన్రు, లేనోళ్లు వచ్చిన్రు. మొగులమ్మకు వికారాబాద్‌ల ఏం పని లేదు, పోయి స్టేషన్ ముందల చాయ్ తాగి వచ్చింది. "నా పైసలతోని తాగిన, బస్సు పైసలు మిగిలినయి గద" అన్నది. ఇప్పుడు రోజూ పోయేటోళ్లు అరవై మంది దాక ఉన్నరు. కూరగాయలోళ్లు, ఆస్పత్రిల ఊడ్చే పని దొరికినోళ్లు, కాలేజి ఆడపిల్లలు.

కండక్టరు పేరు చంద్రప్ప. రిటైరుకు దగ్గరున్నడు, నిమ్మళం మనిషి. మొదటి దినం మిషన్ తీసి, "కార్డులు చూపియ్యిండ్రి, సున్నా టికెట్లు కొడత" అన్నడు. ఆధార్ కార్డులు ఎవరు తెస్తరన్నా? అవి బియ్యం కార్డుతోని కలిపి పెట్టెల భద్రంగ ఉంటయి. పోతే పింఛను పాయె, బ్యాంకు పాయె. అప్పుడు రుక్కమ్మ లేచి నీ మాటే చెప్పింది. "మాకు టికెట్లు వద్దు తమ్మీ. నువ్వు కొట్టినకొద్ది సర్కారుకు నష్టం. మేము ఊకెనే కూసుంటం, నువ్వు ఊకెనే నడువు." ఆయన రూలు అని ఏదో చెప్పబోయిండు. ఒక్కడు, మేము బస్సు నిండ ఉన్నం. ఆఖరుకు మిషన్ సంచిల పెట్టుకున్నడు.

అప్పటి సంది మొగోళ్లకు, బయటి ఊరోళ్లకు కొడతడు గని మాకు కొట్టడు. బస్సు నిలవడానికి జాగ లేకుంట ఉంటది, మిషన్ చప్పుడు మాత్రం ఇనరాదు. సర్కారు మాట నిలబెట్టుకున్నది గద, మేము కూడా దాని మీద బరువు వెయ్యకుంట ఉన్నమని మాకు తృప్తి.

వర్షిత తెల్లకోటు ఏసుకొని కిటికీ పక్కన కూసుంటది. కోటు మాయకుంట ఒళ్లె పేపరు పరుచుకుంటది.

దేవిక


తాండూరు
16 జూన్ 2024

దేవికకు,

ఆలస్యమైంది. యూనిట్‌ల కొత్త మిషన్ పెట్టిన్రు.

మా ఇంటి ఓనరమ్మ శాంతవ్వకు కరెంటు బిల్లు సున్నా వచ్చింది. ఆమెకు తెలుగు చదువ రాదు, నన్ను పిలిచి చదివిపిచ్చుకున్నది. కట్టవలసినది సున్నా అని చదివితే నమ్మలేదు. కన్నడల ఇంకోసారి చెప్పమన్నది. చెప్పిన. ఆ బిల్లును తీసుకపోయి దేవుని పటాల దగ్గర అంటించింది. గ్యాస్ పైసలు కూడా తిరిగి పడుతున్నయట. ఆడోళ్ల ఖాతాల నెలనెలా వేస్తమన్నయి మాత్రం రాలేదు. అడిగితే తరువాత అంటున్నరు. బ్యాంకు అప్పు పంద్రాగస్టు లోపల అన్నరు.

చెప్పినయి అన్నీ రాలేదు. ఏవీ రావు అనుకున్నది కూడా నిజం కాలేదు. నేను మొదటి ఉత్తరంల అంత గట్టిగ రాయకుంట ఉండాల్సింది.

టికెట్ల విషయంల మీ జాగ్రత్త మంచిదే. వర్షిత పరీక్షలు ఎప్పుడు? ఒళ్లె పేపరు పరుచుకుంటదని రాసినవు. ఆ వరుస రెండుసార్లు చదివిన.

హన్మయ్య


బూర్గుచెల్క
12 సెప్టెంబర్ 2024

అన్నా,

నువ్వు మొదట అన్నదే అయింది. పొద్దటి బస్సు తీసేస్తున్నరు. ఈ నెలాఖరు దాకనే.

చంద్రప్పన్న చెప్పిండు. డిపోల కాయితాలు చూసిన్రట, మా బస్సుల రోజుకు ఏడెనిమిది మంది కంటె ఎక్కువ ఎక్కుతలేరని ఉన్నదట. ఏడెనిమిది మంది అంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలువలేదు. ఆ రోజు మొగులమ్మ మెట్టు మీద ఏలాడుకుంట వచ్చింది. చంద్రప్పన్న తలకాయ వంచుకొని మాట్లాడిండు, మా మొకాలు చూడలేదు.

అన్నా, మేము ఇంత జాగ్రత్త పడ్డం. ఇన్ని నెలలల ఒక్క టికెట్ కొట్టిపిచ్చుకోలేదు. సర్కారుకు మా తోని ఒక్క రూపాయి నష్టం రాలేదు. అయినా ఎందుకు తీసేస్తున్నరు?

బ్యాంకు అప్పు రుక్కమ్మోళ్లకు మాఫీ అయింది. మాకు కార్డుల పేరు కలువలేదని ఆగింది. దానికి నాకు ఫికర్ లేదు, ఇయ్యాల కాకుంటే రేపు. కాని బస్సు రేపటి సంగతి కాదు. వర్షిత బట్టలు ఇస్త్రీ చెయ్యడం బంద్ చేసింది. అడిగితే, "ఇంక ఎన్ని రోజులమ్మా" అన్నది. నువ్వు హాస్టల్ అనకు. నేను ఒకసారి అంటే అన్నం ముందల నుంచి లేచిపోయింది.

దేవిక


తాండూరు
16 సెప్టెంబర్ 2024

చెల్లె దేవికకు,

ఇది వెంటనే రాస్తున్న. కూసోని చదువు, చదివినంక రుక్కమ్మకు కూడా చదివి చెప్పు.

తప్పు నాది. సర్కారుది కాదు, చంద్రప్పది కాదు, మీది కాదు.

నీ ఉత్తరం చూసి నిన్న బస్టాండుకు పోయిన. అక్కడి కంట్రోలరుతోని నాకు చాయ్ దగ్గర పరిచయం. ఒక ఆడామె ఫ్రీగ ఎక్కితే మీరు దాన్ని నష్టంల రాస్తరా అని అడిగిన. ఆయన నవ్విండు. "నష్టం ఏంది పెద్దాయనా, మా బువ్వ అదే గద. ఎన్ని సున్నా టికెట్లు తెగినయో లెక్క పోతది, దాన్నిబట్టి సర్కారు మాకు కడతది. టికెట్ తెగకుంటే ఆమె బస్సు ఎక్కనట్టే" అన్నడు.

నేను ఇన్నేండ్లు లెక్కలు రాసిన మనిషిని. సున్నా కనబడంగనే నష్టం అనుకున్న. ఎవరినీ అడుగలేదు. అడగడం నాకు అలవాటు లేదు. అడుగకుండా నీకు రాసిన, మీరు నా మాట నమ్మి బస్సు నిలబెడుతున్నమనుకున్నరు. మీరు వద్దన్న ఒక్కొక్క టికెట్టూ ఆ బస్సుకు రావలసిన కిరాయి.

ఇంకో సంగతి. బస్సు నిండే ఉన్నది, టికెట్లు కొట్టలేదు అని మనం డిపోల చెప్పరాదు. చెప్తే చంద్రప్ప కొలువు పోతది. రిటైరు ముందర ఆయనకు ఆ కష్టం మన తోని రావద్దు. కాబట్టి జరిగిపోయినదాని గురించి చెప్పుకోవడానికి మన దగ్గర ఏం లేదు. ఇక ముందు కొట్టిపిచ్చుకునే టికెట్లే ఉన్నయి.

వచ్చే సోమవారం నుంచి ఒక్కరు కూడా టికెట్ లేకుండా ఎక్కవద్దు. కార్డులు పెట్టెల నుంచి తియ్యమను. పోతయని భయపడేటోళ్లకు చిన్న గుడ్డ సంచి కుట్టి మెడల వేసుకొమ్మను.

వర్షితకు చెప్పు, బట్టలు ఇస్త్రీ చేసుకొమ్మని మామ అన్నడని.

హన్మయ్య


బూర్గుచెల్క
2 అక్టోబర్ 2024

అన్నకు దండాలు.

నీ ఉత్తరం సంఘంల చదివిన. రుక్కమ్మ పెద్దగ ఊపిరి ఇడిసి, "సర్కారు మీద దయ చూపిచ్చినం, గది మన బస్సుకే ఉరి అయింది" అన్నది. తరువాత మొగులమ్మ మొదలుపెట్టింది. "హన్మయ్య వడ్డీ లెక్కల తప్పు వచ్చింది, అసలు వాపసు ఇయ్యాలె" అన్నది. అప్పుడు నవ్విన్రు. నీ మీద ఎవరికి కోపం లేదు. నిజం చెప్తున్న. నువ్వు తప్పు ఒప్పుకున్న వరుస మాత్రం రుక్కమ్మ మళ్ల చదివిపిచ్చుకున్నది, మొగోడు అట్ల రాసుడు ఆమె ఎన్నడు చూడలేదట.

సోమవారం చూడాలె అన్నా మా బస్సు. అందరి మెడలల్ల సంచులు. నేను రెండు రాత్రులు మిషన్ మీద కూసొని కుట్టిన. చంద్రప్పన్న మిషన్ తియ్యంగనే అరవై చేతులు కార్డులు పట్టుకొని లేచినయి. ఆయన కడ్డీ పట్టుకొని నిలబడిపోయిండు. మొగులమ్మ కార్డు మీద ఫొటో చూసి, "ఇది నువ్వేనా అక్కా" అని అడిగిండు. "నేనే. గా దినం నా అత్త నన్ను తిట్టి పంపింది, గందుకే మొకం గట్ల ఉన్నది" అన్నది. మోమిన్‌పేట్ దాటకముందే మిషన్ల కాయితం అయిపోయింది. ఆయన మిషన్ల కొత్త కాయితం చుట్ట ఏసుకుంట, కండ్లు తుడుచుకున్నడు. ఎండ తగిలిందన్నడు. ఇంకా పొద్దు పొడువనే లేదు.

ఇప్పుడు నువ్వు దాచిన సంగతి. డిపోకు పోయినవట. మా ఊరికి గంట దూరం దాక వచ్చి, ఇంటికి రాకుంట మళ్ల రైలెక్కి పోయినవట. చంద్రప్పన్నకు అక్కడి అటెండరు చెప్పిండు: తెల్ల అంగీ ఏసుకున్న ఒక పెద్దమనిషి పొద్దటి నుంచి పగటి దాక బెంచి మీద కూసున్నడు, నీళ్లు కూడా అడగలేదు. ఆఖరుకు సారే పిలిచి ఏం కావాలని అడిగితే, "బూర్గుచెల్క బస్సు ఒక్క నెల ఆపకున్రి సార్" అన్నడట. నెలల ఏం మారుతది అని సారు అడిగిండట. అప్పుడు నువ్వు ఒక్క మాట అన్నవట.

"మేము."

సారు నెల ఇచ్చిండు. ఒక్క మాటకు నెల. ఇంకో మాట మాట్లాడితే ఏడాది ఇచ్చేటోడేమో అని మొగులమ్మ అంటున్నది.

దేవిక


తాండూరు
10 అక్టోబర్ 2024

దేవికకు,

ఇంటికి వస్తే నువ్వు అన్నం పెట్టి డిపోల ఏమన్నరని అడిగేదానివి. అప్పటికి నా దగ్గర చెప్పడానికి ఏం లేదు. అందుకని రాలేదు.

నెల గడువనియ్యి. అందరు టికెట్ తీసుకుంటున్నరా లేదా రుక్కమ్మను చూసుకొమ్మను. పండుగ దినాలల్ల బస్సు ఖాళీగ పోకుండ చూడండి.

వర్షిత ఇస్త్రీ చేసుకుంటున్నదా?

హన్మయ్య


బూర్గుచెల్క
18 నవంబర్ 2024

అన్నకు దండాలు.

చేసుకుంటున్నది.

బస్సు ఉంటది. ఇయ్యాల పొద్దున చంద్రప్పన్న బస్సు ఆపి, దిగి, రోడ్డు మీద నిలబడి చెప్పిండు. తాత్కాలికం అన్న మాట తీసేసిన్రట, ఇది ఇగ రోజూ నడిచే బస్సే. డిపో సారు కాయితం చూసి, "గీ ఊర్ల ఒక్క నెలల గింతమంది ఆడోళ్లు ఎక్కడినుంచి వచ్చిన్రయ్యా" అని అడిగిండట. చంద్రప్పన్న ఏం జవాబు చెప్పిండో తెలుసునా? "ఊ" అన్నడట. నీ దగ్గర నేర్చుకున్నట్టున్నడు.

రుక్కమ్మ అందరికి బెల్లం పంచింది. నెలనెలా పైసలు ఇస్తమన్న మాట ఇంకా రాలేదు గద, ఇప్పుడు దాని కోసం కాయితం రాద్దాం అన్నది. మా బ్యాంకు అప్పు పేరు కూడా సరిచేపిస్తున్న, ఆఫీసుల తీసుకున్నరు. ఈసారి ఏదైనా అనుకునే ముందు అడుగుతం. నిన్ను కాదు, ఆఫీసోళ్లను. ఏమనుకోకు.

మొదటి ఏడాది పరీక్షలల్ల వర్షిత అన్నీ పాసయింది. నిన్న ఆస్పత్రిల మొదటిసారి ఒక ముసలామెకు ఇంజక్షన్ ఇచ్చిందట. భయమైందా అంటే, "ఇచ్చేదాక కాలేదు, ఇచ్చినంక అయింది" అన్నది.

గీ కవర్ల ఒక టికెట్ పెట్టిన. ఇయ్యాల్టిది, వర్షితది. మామకు పంపమని తనే ఇచ్చింది.

దేవిక


తాండూరు
1 డిసెంబర్ 2024

చెల్లె దేవికకు,

టికెట్ ముట్టింది. బూర్గుచెల్క నుంచి వికారాబాద్. ఒకరు. సున్నా రూపాయలు. సిరా అప్పుడే మసకబారుతున్నది, ఈ కాయితం ఎక్కువ కాలం నిలువదు.

మాట ఇచ్చుడు వాళ్ల పని. ముట్టిందని రసీదు ఇచ్చుడు మన పని. ఆ రెండోది నాకు ఇంత ఆలస్యంగ తెలిసింది. ఇయ్యవలసినయి ఇంకా ఉన్నయి, రుక్కమ్మ కాయితం రాస్తనంటే రాయమను. నా సంతకం కావాలంటే పెడత.

నిన్న సాయంత్రం సేట్ పోయినంక, నా సొంత రోజువారీ లెక్కల పుస్తకంల జమ దిక్కు వర్షిత పేరు రాసి ఎదురుగ సున్నా వేసిన. ఇన్నేండ్లల్ల జమల సున్నా రాయడం ఇదే మొదటిసారి. కింద కూడిక వేస్తే మొత్తం మారలేదు. అయినా ఆ పేజీ చూస్తే, ఈ ఏడాదిల నాకు వచ్చిన వాటిల అదే పెద్దదిగ కనబడ్డది.

వచ్చే ఆదివారం వస్తున్న. ముందు రోజు రాత్రి రైలు దిగి వికారాబాద్‌ల పడుకుంట. పొద్దటి బస్సు డిపో నుంచి మీ ఊరికి వచ్చేటప్పుడే ఎక్కుత. మొగోన్ని కాబట్టి నేను పైసలిచ్చి టికెట్ కొంట. తిరిగి వచ్చేటప్పుడు ఆడోళ్లు జాగ ఇస్తే కూసుంట, లేకుంటే నిలబడి వస్త.

వంటకు ఎక్కువ చెయ్యకు. ఈసారి ఎక్కువ మాట్లాడుదామని వస్తున్న.

నీ అన్న
హన్మయ్య